ఓనరు బిల్డింగ్ తాకట్టు పెట్టారు, నా లీజును బ్యాంకు ఒప్పుకోవాలా?

ప్రశ్న: ఒక బిల్డింగులో కింది అంతస్తు అద్దెకు తీసుకుని డయాగ్నస్టిక్ ల్యాబ్ నడుపుతున్నాను. 2016 జూన్‌లో ఐదేళ్లకు లీజు రాసుకుని రిజిస్టర్ చేయించాం. 2021 జూన్‌లో గడువు అయిపోయాక ఓనరు గారు కొత్తగా తొమ్మిదేళ్లకు రాసిచ్చారు. అదీ రిజిస్టర్ అయింది. ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్లు పొడిగించుకునే హక్కు కూడా అందులో రాయించుకున్నాను. అడ్వాన్స్ పన్నెండు లక్షలు ఇచ్చాను. పోయిన వారం బ్యాంకు వాళ్లు వచ్చి గేటుకూ, మా షట్టర్‌కూ నోటీసు అంటించి వెళ్లారు. ఓనరు 2019లోనే బిల్డింగ్ కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకున్నారని అప్పుడే తెలిసింది. "మీది రిజిస్టర్డ్ లీజు, మిమ్మల్ని ఎవరూ కదిలించలేరు" అని ఓనరు అంటున్నారు. "మీ లీజుతో మాకు సంబంధం లేదు, ఖాళీ చేయండి" అని బ్యాంకు ఆఫీసరు అంటున్నారు. ఎవరి మాట నిజం? అద్దె ఎవరికి కట్టాలి? పై అంతస్తులో 11 నెలల అగ్రిమెంటు మీద ఉంటున్న కుటుంబం కూడా టెన్షన్ పడుతోంది.
– పేరు వద్దన్న ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, వాళ్లిద్దరూ ఎవరికి అనుకూలమైన మాట వాళ్లు చెప్పారు. రిజిస్టర్ అయినంత మాత్రాన లీజుకు బ్యాంకు కట్టుబడదు. అలాగని అప్పు వసూలు పేరుతో అద్దెకున్నవాళ్లందరినీ బయటికి పంపే అధికారం బ్యాంకుకూ లేదు. ఇలాంటి తగాదాలో ముందు చూడాల్సినవి మూడు తేదీలు: లీజు ఎప్పుడు రాశారు, తాకట్టు ఎప్పుడు పడింది, అప్పు మొత్తం కట్టమని బ్యాంకు ఓనరుకు డిమాండ్ నోటీసు ఎప్పుడిచ్చింది. వీటిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నదాన్ని బట్టే మీ హక్కు ఉంటుంది.

లీజు ముందు, తాకట్టు తర్వాత అయితే అద్దెదారు గట్టి స్థితిలో ఉన్నట్టే. ఓనరు తన దగ్గర మిగిలిన హక్కునే తాకట్టు పెట్టగలరు. మీకు అప్పటికే ఇచ్చేసిన అనుభవ హక్కును బ్యాంకుకు మళ్లీ ఇవ్వలేరు. "అద్దెకున్నవాళ్ల సంగతి మాకు తెలియదు" అని బ్యాంకు అనడానికీ పెద్దగా వీలుండదు. ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షన్ వివరణ ప్రకారం, ఒక స్థలంలో ఎవరైనా నిజంగా స్వాధీనంలో ఉంటే, వాళ్లకున్న హక్కు గురించి ఆ ఆస్తి మీద లావాదేవీ చేసేవాళ్లకు తెలిసినట్టే లెక్క. షట్టర్ మీద ల్యాబ్ బోర్డు కనిపిస్తుంటే, లోపల ఎవరున్నారో విచారించుకోవాల్సిన బాధ్యత అప్పిచ్చేవాళ్లదే. తాకట్టుకు ముందే ఉన్న సరైన లీజు గడువు తీరేదాకా అద్దెదారును కదిలించకూడదని సుప్రీంకోర్టు 2014లో హర్షద్ గోవర్ధన్ సోందాగర్ కేసులో చెప్పింది. 2019లో బజరంగ్ శ్యామ్‌సుందర్ అగర్వాల్ కేసులోనూ అదే సూత్రాన్ని నిలబెట్టింది.

మీ మొదటి లీజు 2016లోది, తాకట్టు 2019లోది. అంటే 2021 జూన్ దాకా బ్యాంకు మీ జోలికి రాలేకపోయేది. చిక్కంతా రెండో లీజుతోనే. మీ దృష్టిలో అది పాత అద్దెకు కొనసాగింపు. చట్టం దృష్టిలో, పాత లీజు గడువు తీరిపోయాక కొత్త షరతులతో రాసుకున్నది కొత్త లీజే. అది పుట్టేనాటికి బిల్డింగ్ తాకట్టులో ఉంది. అందువల్ల దాన్ని "తాకట్టు తర్వాతి లీజు"గానే పరీక్షిస్తారు.

ఆ పరీక్ష ఆస్తి బదిలీ చట్టంలోని 65ఏ సెక్షన్‌లో ఉంది. 1929 సవరణతో వచ్చిన సెక్షన్ ఇది. తాకట్టు పెట్టినా ఆస్తి ఓనరు స్వాధీనంలోనే ఉంటే, దాన్ని అద్దెకిచ్చే అధికారం ఓనరుకు ఉంటుందని, ఆ లీజుకు అప్పిచ్చినవాళ్లు కూడా కట్టుబడాలని ఇందులో ఉంది. ఓనరు ధైర్యం బహుశా ఈ వాక్యం చూసే కావచ్చు. కానీ దాని వెంటనే షరతులున్నాయి. లీజు మామూలు నిర్వహణలో భాగంగా, ఆ ప్రాంతపు చట్టానికి, ఆనవాయితీకి తగ్గట్టు ఇచ్చినదై ఉండాలి. న్యాయంగా రాగలిగినంత మంచి అద్దె రాయాలి. ప్రీమియం, అంటే లీజు ఇచ్చినందుకు అద్దె కాక విడిగా తీసుకునే మొత్తం, తీసుకోకూడదు, అద్దె ముందుగా వసూలు చేయకూడదు. రెన్యూవల్ షరతు ఉండకూడదు. రాసిన ఆరు నెలల్లోపు అమల్లోకి రావాలి. భవనమైతే గడువు మూడేళ్లు మించకూడదు. అద్దె కడతానన్న ఒప్పందం, ఫలానా గడువులోగా కట్టకపోతే ఓనరు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చన్న షరతు రెండూ లీజులో ఉండాలి.

ఇప్పుడు మీ అగ్రిమెంటు తీసి పక్కన పెట్టుకుని చదవండి. గడువు తొమ్మిదేళ్లు. రెన్యూవల్ హక్కు ఉంది. అడ్వాన్స్ పన్నెండు లక్షలు. ఓనరు రేపు మాట మారుస్తారేమోనని జాగ్రత్తపడి మీరు రాయించుకున్నవే ఇవన్నీ. ఓనరు మీద అవి ఇప్పటికీ బాగానే పనిచేస్తాయి. తాకట్టు తర్వాత రాసిన లీజు కాబట్టి, బ్యాంకు ముందు మాత్రం అవే మీకు ఎదురు తిరుగుతాయి. ఎక్కువ కాలానికి, ఎక్కువ అడ్వాన్స్‌తో, మళ్లీ పొడిగించుకునే హక్కుతో రాసుకుంటే భద్రంగా ఉంటామని చాలామంది చిన్న వ్యాపారులు నమ్ముతారు. ఈసీ (ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) కూడా తీయకుండా ఆ నమ్మకంతో లక్షలు పెట్టి ఇంటీరియర్ చేయించుకునేవాళ్లను తలచుకుంటే బాధేస్తుంది.

"కనీసం మూడేళ్ల వరకైనా చెల్లదా" అని మీరు అడగొచ్చు. తొమ్మిదేళ్ల లీజును మూడేళ్లకు కుదించి చెల్లుబాటు చేయమని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. పైగా ఆ లెక్కన చూసినా 2024 జూన్‌తో మూడేళ్లు నిండిపోయాయి. అడ్వాన్స్ సంగతి కొంచెం వేరు. ఖాళీ చేసేటప్పుడు తిరిగిచ్చే సెక్యూరిటీ డిపాజిట్ అని స్పష్టంగా రాసి ఉంటే, అది ప్రీమియమూ కాదు, ముందస్తు అద్దే కాదు అని వాదించవచ్చు. నెలనెలా అద్దెలో తగ్గించుకుంటూ పోయే అడ్వాన్స్ అయితే ఆ వాదన నిలవడం కష్టం. పెద్ద మొత్తం ఒకేసారి ఇచ్చి, అద్దె లేకుండానో నామమాత్రపు అద్దెతోనో ఉండే పద్ధతి మరీ ప్రమాదం. అలాంటి లీజు మంచి అద్దె షరతు దగ్గరే పడిపోతుంది.

ఇంకో అడ్డంకి కూడా ఉంది. ఓనరుకు 65ఏ ఇచ్చే అధికారాన్ని తాకట్టు పత్రంలో తీసేయవచ్చని అదే సెక్షన్ అంటుంది. బ్యాంకులు దాదాపు ఎప్పుడూ ఆ పని చేస్తాయి. "బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా అద్దెకు ఇవ్వరాదు" అనే వాక్యం లోన్ కాగితాల్లో ఎక్కడో ఒకచోట ఉంటుంది. అది ఉంటే మూడేళ్ల లోపు లీజుకు కూడా రక్షణ దొరకడం కష్టం. దస్తావేజులు డిపాజిట్ చేసి తీసుకున్న లోన్లలో ఆ వాక్యం డిపాజిట్ మెమోరాండంలో (దస్తావేజులు బ్యాంకులో పెట్టినట్టు రాసుకునే పత్రంలో) ఉండొచ్చు, లేదా లోన్ అగ్రిమెంటులో మాత్రమే ఉండొచ్చు. ఎక్కడుందన్నది మీ లాయరుకు పనికొచ్చే విషయం. ఎందుకంటే 65ఏ మాట్లాడేది తాకట్టు పత్రంలో రాసిన షరతు గురించి. మెమోరాండం రిజిస్టర్ అయి ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దాని సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. మిగతా కాగితాలు చూపించమని ఓనరును రాతపూర్వకంగా అడగండి.

ఇంతమాత్రానికే కేసు పోయిందని అనుకోకండి. మీ లాయరుతో కూర్చుని కొన్ని విషయాలు తవ్వి చూడాలి.

మొదటిది, 2016 లీజు పత్రం. అందులోనే మీకు రెన్యూవల్ హక్కు ఉందా? గడువు తీరకముందే ఆ హక్కు వాడుకుంటున్నట్టు ఓనరుకు లేఖ రాశారా? అలా అయితే 2021 లీజు కొత్తది కాదని, తాకట్టుకు ముందే పుట్టిన హక్కును అమలు చేసుకోవడమేనని వాదించే వీలుంది. రెండు లీజుల్లో గడువు, అద్దె పెంపు ఎంత దగ్గరగా ఉంటే ఆ వాదనకు అంత బలం.

రెండోది, బ్యాంకు ఒప్పుకోలు. ఓనరు బ్యాంకు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న లేఖ) తెచ్చుకున్నారేమో అడగండి. మీరు కట్టే అద్దె నేరుగా ఆయన లోన్ అకౌంటుకే వెళ్తోందేమో మీ స్టేట్‌మెంట్లలో చూడండి. వచ్చే అద్దెలను చూపించి తీసుకున్న లోన్ అయితే, మీ లీజు కాగితం బ్యాంకు ఫైల్లోనే ఉంటుంది. 2021 తర్వాత లోన్ పెంచారా? పెంచితే బ్యాంకు తరఫున వాల్యూయర్ వచ్చి బిల్డింగ్ చూసి రిపోర్టు రాసి ఉంటారు. అందులో మీ ల్యాబ్ పేరు ఉండొచ్చు. బ్యాంకుకు తెలిసినంత మాత్రాన అనుమతి ఇచ్చినట్టు కాదు. అయినా అన్నీ తెలిసి ఏళ్ల తరబడి ఊరుకుని, ఆ అద్దెల మీద నమ్మకంతోనే మళ్లీ అప్పు పెంచిన బ్యాంకు ఇప్పుడు "మాకు సంబంధం లేదు" అంటే ట్రిబ్యునల్ ముందు మీరు గట్టిగా నిలదీయవచ్చు.

మూడోది, 2019 నాటి తాకట్టే ఇప్పటికీ నడుస్తోందా అన్నది. ఆ లోన్ తీరిపోయి 2021 జూన్ తర్వాత వేరే బ్యాంకులో కొత్తగా తాకట్టు పెట్టి ఉంటే, తేదీల వరస తిరగబడి మీ లీజే ముందున్నది అవుతుంది. కాకపోతే పాత బ్యాంకు అప్పు తీర్చి లోన్ టేకోవర్ చేసినప్పుడు, పాత తాకట్టు హక్కు తమకే సంక్రమించిందని కొత్త బ్యాంకు అనొచ్చు. అందుకే ఓనరు మాట మీద ఆగిపోకుండా ఈసీ తీయించండి, సెర్సాయ్‌లో కూడా వెతికించండి. తాకట్టుల వివరాలు నమోదు చేసే ఈ కేంద్ర రిజిస్ట్రీలో ఎవరైనా ఫీజు కట్టి చూసుకోవచ్చు. దస్తావేజులు డిపాజిట్ చేసిన తాకట్టు ఈసీలో కనిపించకపోయినా అక్కడ దొరికే అవకాశం ఉంది.

ఇక ఆ నోటీసు. దాన్ని చించకండి. తేదీ, సెక్షన్ నంబరు కనిపించేలా ఫోటో తీసుకోండి. మీరు చెప్పిన తీరు చూస్తే అది సర్ఫేసీ చట్టం (2002) కింద, అంటే బాకీ వసూలుకు తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం కింద, వేసిన స్వాధీన నోటీసులా ఉంది. ఈ చట్టం ప్రకారం బ్యాంకు ముందు 13(2) కింద ఓనరుకు డిమాండ్ నోటీసు ఇచ్చి 60 రోజులు ఆగాలి. ఆ తర్వాతే 13(4) కింద స్వాధీనం మొదలవుతుంది. ఆ నోటీసును ఆస్తి మీద అంటించి, రెండు పత్రికల్లో, అందులో ఒకటి స్థానిక భాషలో, ప్రకటిస్తారు. చాలాసార్లు ఈ దశలో తీసుకునేది కాగితం మీది స్వాధీనమే. మనుషుల్ని ఖాళీ చేయించాలంటే బ్యాంకు 14వ సెక్షన్ కింద చీఫ్ మెట్రోపాలిటన్ మెజిస్ట్రేట్‌కో, జిల్లా మెజిస్ట్రేట్‌కో దరఖాస్తు పెట్టుకుంటుంది. ఆ ఆర్డరు చేతిలో లేకుండా ఎవరైనా వచ్చి షట్టర్‌కు తాళం వేస్తామంటే, ఆర్డరు కాపీ చూపించమని మర్యాదగా అడగండి. రికవరీ ఏజెంటు మాటకు భయపడి తాళాలు ఇచ్చేయకండి, సంతకం పెట్టమంటే పెట్టకండి.

మీరు వెళ్లాల్సింది డెట్స్ రికవరీ ట్రిబ్యునల్, అంటే డీఆర్‌టీ. మామూలు సివిల్ కోర్టుకు వెళ్తే సర్ఫేసీ 34వ సెక్షన్ అడ్డం వస్తుంది. హైదరాబాద్‌లోనూ విశాఖపట్నంలోనూ డీఆర్‌టీలున్నాయి. మీ జిల్లా దేని కిందికి వస్తుందో లాయరు చెబుతారు. బ్యాంకు చర్య తీసుకున్న రోజు నుంచి 45 రోజుల్లో 17వ సెక్షన్ కింద దరఖాస్తు వేయాలి. వారం ఇప్పటికే గడిచిపోయింది. 2016 సవరణతో అద్దెదారుల కోసమే 17(4ఏ) చేర్చారు. లీజు గడువు తీరిపోయిందా, 65ఏకు విరుద్ధమా, తాకట్టు షరతులకు విరుద్ధమా, డిమాండ్ నోటీసు తర్వాత పుట్టించిందా అని ట్రిబ్యునల్ పరిశీలిస్తుంది.

మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. అప్పు ఎగ్గొట్టేవాళ్లు బంధువుల పేరుతో పాత తేదీలు వేసి దొంగ లీజులు పుట్టించడం కోర్టులు చాలా చూశాయి. అందుకే ఏ అద్దెదారు వచ్చినా ముందు అనుమానంతోనే చూస్తాయి. 2021లో హేమరాజ్ రత్నాకర్ సాలియన్ కేసులో, అద్దెకున్నానన్న వ్యక్తి దాన్ని నిరూపించే సరైన కాగితాలు చూపలేకపోవడంతో సుప్రీంకోర్టు రక్షణ ఇవ్వలేదు. మీరు నిజమైన అద్దెదారని చూపడానికి మాత్రం మీకు లోటు ఉండదు. 2016 నుంచి అద్దె పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, అద్దె మీద కోసిన టీడీఎస్, ల్యాబ్ లైసెన్సులు, కరెంటు బిల్లులు, ఆ చిరునామాకు వచ్చిన మెషీన్ల ఇన్వాయిస్‌లు అన్నీ తేదీల వారీగా పేర్చి పెట్టుకోండి. కేసు పూర్తిగా గెలవకపోయినా, గడువు అడిగేటప్పుడు ఈ కాగితాలే మిమ్మల్ని దొంగ అద్దెదారుల నుంచి వేరు చేసి చూపిస్తాయి. ఆ మెషీన్లు మీవి, తాకట్టు పడింది బిల్డింగ్. ఇన్వాయిస్ కాపీల సెట్ ఒకటి ల్యాబులోనే ఉంచండి. పంచనామా రాసేవాళ్లు వస్తే ఏది ఎవరిదో అక్కడికక్కడే చూపించవచ్చు.

అద్దె మాత్రం ఆపకండి. అడ్వాన్స్ ఎలాగూ చిక్కుకుందని దాంట్లో సర్దేసుకోవాలనిపిస్తుంది. అగ్రిమెంటులో అలా సర్దుకోవచ్చని లేకపోతే అది అద్దె ఎగవేత కిందికి వస్తుంది. మీకున్న కాస్త బలం కూడా పోతుంది. అద్దె తమకే కట్టమని బ్యాంకు 13(4) కింద రాతపూర్వకంగా కోరితే బ్యాంకుకే కట్టండి. అలా కట్టింది ఓనరుకు కట్టినట్టే అవుతుందని 13(5) చెబుతోంది. ఓనరు మళ్లీ అడగలేరు. అలాంటి లేఖ రాకపోతే ఎప్పటిలాగే ఓనరుకు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ద్వారా మాత్రమే పంపండి. నగదు వద్దు.

ఈ దశలో కొందరు ఓనర్లు "ఇంకో మంచి అగ్రిమెంటు రాసిస్తాను, పాత తేదీ వేద్దాం" అంటారు. ఒప్పుకోకండి. డిమాండ్ నోటీసు అందాక బ్యాంకు అనుమతి లేకుండా లీజుకివ్వకూడదని 13(13) స్పష్టంగా నిషేధించింది. పాత తేదీ వేయడం మోసం. ఇన్నేళ్లు నిజాయితీగా కట్టిన అద్దెల మీద కూడా దానివల్ల మచ్చ పడుతుంది.

పై అంతస్తు కుటుంబం విషయం. 11 నెలల అగ్రిమెంటు మూడేళ్ల పరిమితిలోపే ఉంటుంది కాబట్టి, కాగితం మీద 65ఏ పరీక్షకు మీకంటే వాళ్లే దగ్గర. తాకట్టు పత్రంలో నిషేధం ఉందా, అగ్రిమెంటు డిమాండ్ నోటీసుకు ముందుదా అన్నవి తేలాలి. అయితే వాళ్లకు దక్కేది తక్కువ కాలమే. రిజిస్టర్ కాని కాగితం మీదో, నోటిమాట మీదో ఆధారపడే అద్దెదారు ఏడాదికి మించి స్వాధీనం కోరలేరని బజరంగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇల్లు వెతుక్కోవడం ఇప్పుడే మొదలుపెట్టి, పిల్లల పరీక్షలు అయ్యేదాకానో మరికొన్ని నెలలో గడువు ఇవ్వమని బ్యాంకును రాతపూర్వకంగా అడగడం వాళ్లకు మేలు. అద్దె నియంత్రణ చట్టం కింద రక్షణ ఉన్న అద్దెదారులను సర్ఫేసీ పేరుతో తీసేయలేరని 2016లో విశాల్ కల్సారియా తీర్పు వచ్చింది. వాళ్ల అద్దె ఆ చట్టం పరిధిలోకి వస్తుందేమో లాయరును అడిగి చూడమనండి.

మీరు కూడా డీఆర్‌టీ దరఖాస్తు వేస్తూనే బ్యాంకుతో మాట్లాడండి. క్రమం తప్పకుండా అద్దె కట్టే ల్యాబ్ ఉన్న బిల్డింగును వేలంలో కొనడానికి ఇష్టపడేవాళ్లు ఉంటారు. కొన్నవాళ్లతో కొత్త లీజు రాసుకునే అవకాశం కూడా ఉంది. అది కుదరకపోతే, మెషీన్లు తరలించి కొత్త చోట లైసెన్సులు తెచ్చుకోవడానికి ఎన్ని నెలలు కావాలో నిజమైన లెక్క వేసి అడగండి. అడిగింది, వాళ్లు ఒప్పుకున్నది అంతా రాతలో ఉండాలి.

ఇక పన్నెండు లక్షలు. 2021 లీజుకు బ్యాంకు కట్టుబడకపోయినా, మీకూ ఓనరుకూ మధ్య అది పూర్తిగా చెల్లుతుంది. మిమ్మల్ని అడ్డు లేకుండా అనుభవించనిస్తానన్న హామీ ఆస్తి బదిలీ చట్టం 108(సి) ప్రకారం ఆయన ఇచ్చినట్టే లెక్క. బ్యాంకు వల్ల ఖాళీ చేయాల్సి వస్తే అడ్వాన్సూ, నష్టపరిహారమూ ఆయన నుంచి రాబట్టుకోవచ్చు. తాకట్టు విషయం దాచి తొమ్మిదేళ్లకు రాసిచ్చారు కాబట్టి ఇప్పుడే లాయరు నోటీసు పంపండి. దావా మీ ఊరి సివిల్ కోర్టులోనే వేయవచ్చు, ఇది ఓనరు మీద డబ్బు దావా కాబట్టి 34వ సెక్షన్ అడ్డు రాదు. ఆయనకు వేరే ఆస్తులుండి, అమ్మేసుకుంటారన్న భయం ఉంటే తీర్పుకు ముందే జప్తు అడగవచ్చు. వేలంలో అప్పు తీరగా మిగిలిన డబ్బును హక్కున్నవాళ్లకు ఇవ్వాలని సర్ఫేసీ 13(7) అంటుంది. ఓనరు మీద మీకింత రావాలని, మిగులు ఉంటే మీ దావా తేలేదాకా ఆయనకు ఇవ్వవద్దని బ్యాంకుకు ఒక లేఖ ఇవ్వండి. లేఖ ఒక్కటే బ్యాంకును ఆపలేదు కాబట్టి, దావాలో కోర్టు నుంచి కూడా అలాంటి ఆర్డరు అడగండి. వేలం ప్రకటన పత్రికలో పడేలోపే ఈ రెండు పనులూ అయ్యేలా చూసుకోండి.